చిన్న పడవలో బ్యాటరీ వైరింగు

విహారానికి వాడే చిన్న పడవల్లో దీపాలు, చేపల జాడ పట్టే సోనార్, అడుగున చేరిన నీటిని తోడే పంపు సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి. కారులో ఇనుప బాడీయే నెగటివ్ తీగ పని చేస్తుంది. ఫైబర్ పడవలో ఆ వెసులుబాటు లేదు. ప్రతి పరికరానికీ రానూపోనూ రెండు తీగలు వేయాల్సిందే.

అందుకే తీగ మందం లెక్క తప్పకూడదు. 5 ఆంపియర్లు లాగే పంపు బ్యాటరీకి 6 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు నడిచే దారి 12 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 0.44 వోల్టు, అంటే 3.7 శాతం, దారిలోనే పోతుంది. ఇలాంటి కీలక సర్క్యూట్లకు అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం ఒప్పుకునేది 3 శాతమే. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే సరిపోతుంది.

ఫ్యూజు పరికరాన్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది ముందుగా కాపాడేది తీగను. కనుక దాని చోటు బ్యాటరీ పాజిటివ్ కొస పక్కనే.

ఉప్పుగాలికి మామూలు రాగి పచ్చబారుతుంది. తగరం పూత ఉన్న పోగుల తీగ ఖరీదెక్కువైనా అదే మేలు. నీటిమట్టం పెరిగితే పంపును దానంతటదే నడిపే ఫ్లోట్ స్విచ్‌ను మాత్రం మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలుపుతారు. మెయిన్ ఆపేసి అందరూ ఒడ్డుకు వెళ్లినా పంపు నీరు తోడుతూనే ఉంటుంది.