సుల్తానా కల, రాజమండ్రి ఆడపడుచు

1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఇంగ్లీషు కథలో ఆడవాళ్ళ రాజ్యాన్ని ఊహించింది. అక్కడ మగవాళ్ళకే ఘోషా. ఎండ వేడితో వంట, మబ్బుల నుంచి నీళ్ళు, గాలిలో ప్రయాణం.

మగవాడు ఆఫీసులో ఏడు గంటలుంటే, అరగంటకొకటి చొప్పున పన్నెండు చుట్టలకే ఆరు గంటలు పోతాయట! ఆడవాళ్ళకి రెండు గంటలే పని. ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో కూర్చుంటున్నవాణ్ణి, ఆ కూడిక తప్పనలేను.

ఈ కథ అచ్చయింది మద్రాసు 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో. 1901లో ఆ పత్రిక పెట్టిన కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగావిడ. బయటి రాష్ట్రాల తెలుగువాళ్ళ గొప్పలు చెప్పుకునే మన సభల్లో ఆమె పేరు నేనెన్నడూ వినలేదు.

కుందలహళ్ళిలో మా ఆవిడకి కథంతా చెప్పాను. "ఆ రెండు గంటల్లో ఇంటిపని కూడా కలిపారా?" అంది. ఇంకా జవాబు చెప్పలేదు.