జైలు నుంచి మన హాల్లోకి: ట్రెడ్‌మిల్ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక వస్తువు గురించి. మీలో కొందరి ఇళ్లలో అది ఇప్పటికే ఉండుంటుంది, దాని మీద తడి టవల్ కూడా ఆరేసి ఉంటుంది. ట్రెడ్‌మిల్.

పోయినేడాది మా నాన్న ఛాతీలో కొంచెం బరువుగా ఉందంటే హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. టీఎంటీ చేశారు. మరీ కంగారు పడాల్సిందేమీ లేదు గానీ మందులు వాడాలి, రోజూ అరగంట నడవాలి అన్నారు. మా వీధిలో ఫుట్‌పాత్ లేదు. పొద్దున్నే బయల్దేరితే కుక్కలు, కాస్త ఆలస్యమైతే స్కూలు బస్సులు. సరే అని 20,000 రూపాయల లోపు ఒక ట్రెడ్‌మిల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొదటిరోజు నాన్న ఎక్కారు. నేను పక్కనే నిలబడి స్పీడు బటన్ నొక్కుతూ ఉన్నాను. ఐదు నిమిషాలకి దిగిపోయి ఒకటే మాట: "గానుగెద్దులా ఉన్నచోటే ఈ నడకేంట్రా? ఇది వ్యాయామమా, శిక్షా?"

నాకు ఒళ్లు మండింది. అంత డబ్బు పెట్టి కొన్నాక ఆ మాట అంటే మండదా? ఆ రాత్రి అసలు దీన్ని ఎవరు కనిపెట్టారో చూద్దామని వెతికాను. తీరా చూస్తే ఆయన అన్నది అక్షరాలా నిజం. ఇది శిక్షే. శిక్షగానే పుట్టింది.

విలియం క్యూబిట్ అని ఇంగ్లాండ్‌లో ఒక ఇంజినీరు. 1785లో పుట్టాడు. తండ్రిది పిండిమర. గాలిమరల రెక్కల్ని మెరుగుపరిచి 1807లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇతనికి 1818 ప్రాంతంలో, జైల్లో ఖైదీలు ఊరికే కూర్చుంటున్నారు, వాళ్లతో పని చేయించే యంత్రం ఒకటి కావాలన్న ఆలోచన వచ్చింది. మరల మనిషి కాబట్టి మరే తట్టింది. పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము ఊహించుకోండి. దాని చుట్టూ మెట్లు. ఖైదీలు వరసగా పైన కమ్మీ పట్టుకుని నిలబడి ఆ మెట్లు ఎక్కుతారు. ఎక్కిన మెట్టు వాళ్ల బరువుకి కిందికి దిగిపోతుంది, వెంటనే ఇంకో మెట్టు వస్తుంది. ఎంత ఎక్కినా ఉన్నచోటే. ట్రెడ్ అంటే తొక్కడం, మిల్ అంటే మర. తొక్కుడు మర అన్నమాట. మనం జిమ్‌లో స్టైలుగా పలికే పేరు వెనక ఉన్నది పిండిమరే.

1821లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైల్లో ఇలాంటిది పెట్టారు. అక్కడ ఖైదీలు తొక్కుతుంటే ధాన్యం పిండి అయ్యేది. కొన్ని జైళ్లలో నీళ్లు తోడేది. ఇంకొన్ని చోట్ల అసలు ఏ పనీ అయ్యేది కాదు. చక్రానికి ఒక పెద్ద ఫ్యాన్ తగిలించేవాళ్లు, అది గాలిలో తిరిగేది, అంతే. గాలిని విసరడం అని దానికి ఎగతాళి పేరు కూడా వచ్చింది. గంటల తరబడి, మధ్యలో కాసేపు విడుపు ఇస్తూ, రోజుకి కొన్ని వేల అడుగుల ఎత్తు ఎక్కించేవాళ్లు. మాట్లాడుకోకుండా చాలా జైళ్లలో మనిషికీ మనిషికీ మధ్య చెక్క అడ్డం. ఎదురుగా గోడ. కాలు తప్పితే దెబ్బ తగలడం ఖాయం, ఎందుకంటే పక్కవాళ్ల బరువుకి చక్రం తిరుగుతూనే ఉంటుంది. నువ్వు అలిసిపోయావా లేదా అన్నది దానికి అనవసరం.

1865లో వచ్చిన చట్టం కఠిన శిక్ష పడ్డవాళ్లకి ఇలాంటి పనిని తప్పనిసరి చేసింది. రచయిత ఆస్కార్ వైల్డ్‌కి 1895లో రెండేళ్ల కఠిన శిక్ష వేసినప్పుడు ఆయన కూడా ఈ చక్రం ఎక్కాల్సి వచ్చింది. 1898లో ఇంకో చట్టంతో బ్రిటన్ దీన్ని వదిలించుకుంది. అదే సామ్రాజ్యం ఆ తర్వాత కూడా అండమాన్ సెల్యులార్ జైల్లో మన ఖైదీల్ని నూనె గానుగ తిప్పించింది. అంటే నాన్న నోట గానుగెద్దు అన్న మాట ఊరికే వచ్చింది గానీ, దూరం పోలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం. మనిషి బరువుతో యంత్రం నడపడం క్యూబిట్ కొత్తగా కనిపెట్టిందేం కాదు. రోమన్లు పెద్ద చక్రంలో మనుషుల్ని నడిపించి క్రేన్లతో రాళ్లు ఎత్తారు. అంత దూరం ఎందుకు, మన ఊళ్లలో ఏతం ఉండేది. మీ తాతయ్యని అడగండి. ఏతం మాను మీద మనిషి అటూ ఇటూ నడుస్తుంటే బావిలోంచి నీళ్లు వచ్చేవి. అదీ ఉన్నచోటే నడకే. కానీ ఆ నీళ్లు మడిలోకి పారుతూ కంటికి కనపడేవి, చాలింక అనుకుంటే దిగేవాడు. క్యూబిట్ చక్రంలో ఆ రెండూ లేవు.

అమెరికా వాళ్లు కూడా 1822లో న్యూయార్క్ జైల్లో ఒకటి పెట్టారు. జేమ్స్ హార్డీ అనే ఆయన దాని మీద 1824లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన ఒక విషయం నన్ను పట్టుకుంది. ఖైదీలు భయపడేది ఆ శ్రమకి కాదు, మార్పన్నదే లేకుండా ఒకేలా సాగడానికి అంటాడు. రెండొందల ఏళ్ల కిందటి మాట. ఇవాళ హోమ్ ట్రెడ్‌మిల్ కొన్న రెండో నెలలో మనం ఎందుకు ఆపేస్తామో ఇంతకన్నా బాగా ఏ రివ్యూ వీడియోలోనూ నేను వినలేదు.

మరి శిక్ష వ్యాయామం ఎప్పుడైంది? మెల్లిగా. 1899లో న్యూయార్క్‌లో బెన్‌హర్ నాటకం ఆడినప్పుడు రథాల పందెం కోసం స్టేజీ మీద నిజం గుర్రాల్ని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు. వెనక బొమ్మ తెర కదులుతుంటే గుర్రాలు దూసుకుపోతున్నట్టే కనిపించేది. 1913లో క్లాడ్ హేగన్ అనే అతను మనుషుల ట్రైనింగ్ కోసం బెల్టు యంత్రానికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. అది పెద్దగా జనంలోకి రాలేదు.

అసలు మలుపు హాస్పిటల్లో వచ్చింది. 1950ల్లో సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ అనే గుండె డాక్టరు ఉండేవాడు. అప్పట్లో గుండె పరీక్ష అంటే ఎక్కువగా పడుకోబెట్టి ఈసీజీ తీయడమే. కూర్చున్న బండి ఇంజిన్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? నడిపి చూడాలి కదా. రెండు మెట్లు ఎక్కించి దించే పరీక్ష ఒకటుండేది, కానీ అది బలహీనంగా ఉన్నవాళ్లకి కష్టం. బ్రూస్, వేన్ క్వింటన్ అనే ఇంజినీరుతో కలిసి మోటారు ట్రెడ్‌మిల్ వాడాడు. మూడేసి నిమిషాలకి ఒక దశ. మొదటి దశ గంటకి 2.7 కిలోమీటర్లు, 10 శాతం ఎగువ. రెండోది 4 కిలోమీటర్లు, 12 శాతం. మూడోది సుమారు 5.5 కిలోమీటర్లు, 14 శాతం. 1963లో ఇది స్థిరపడింది. హైదరాబాద్‌లోనైనా గుంటూరులోనైనా టీఎంటీ అంటే ఎక్కువగా ఈ బ్రూస్ లెక్కే. టీ, ఎం అంటే ట్రెడ్‌మిలే.

మా నాన్న మూడో దశలో తల తిరుగుతున్నా ఆపమని అడగలేదట. మొన్న అమ్మ చెప్పింది. అక్కడ యంత్రం తిప్పే కుర్రాడు నా వయసువాడు, వాడి ముందు ఆపమనడానికి నామోషీ. ఎప్పుడైనా ఆపమని అడగొచ్చు అని ముందే చెప్తారండి. మీ ఇంట్లో పెద్దవాళ్లని టీఎంటీకి తీసుకెళ్తే ఈ మాట మీరు కూడా ఇంకోసారి చెప్పండి.

ఇక ఇంట్లోకి ఎలా వచ్చింది అంటే, 1968లో కెన్నెత్ కూపర్ అనే అమెరికా వైమానిక దళం డాక్టరు ఏరోబిక్స్ అని పుస్తకం రాశాడు. అది న్యూజెర్సీలో విలియం స్టాబ్ అనే మెకానికల్ ఇంజినీరు చదివాడు. వారానికి నాలుగైదు సార్లు 8 నిమిషాల్లో మైలు పరిగెత్తేవాళ్లు మంచి ఆరోగ్యంతో ఉన్నట్టే అన్న మాట ఆయనకి నచ్చింది. కానీ బయట చలి, వాన ఉంటే? ఇంట్లోనే పరిగెత్తడానికి 40 ఉక్కు రోలర్ల మీద నారింజ రంగు బెల్టు వేసి మెషిన్ చేసి కూపర్‌కి పంపాడు. పేరు పేస్‌మాస్టర్ 600. స్టాబ్ 2012లో 96 ఏళ్ల వయసులో చనిపోయాడు. చివరి రోజులకి కాస్త ముందు దాకా ట్రెడ్‌మిల్ మీద నడుస్తూనే ఉన్నాడు.

మన దగ్గర 2020 మార్చిలో మూతపడ్డ జిమ్‌లు ఆగస్టులో గానీ తెరుచుకోలేదు. ఆ నెలల్లోనే మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మొదటిసారి ట్రెడ్‌మిల్ పెట్టె చూశాను.

కొనాలనుకునేవాళ్లకి నేను తిన్న దెబ్బలు చెప్తాను. పెట్టె మీద 4 హెచ్‌పీ అని పెద్దగా ఉంటుంది. అది ఒక్క క్షణం అందుకునే పీక్. మీకు కావాల్సింది కంటిన్యువస్, అంటే ఆగకుండా ఎంత లాగగలదో అది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 4 హెచ్‌పీ అంటే దాదాపు 3,000 వాట్లు. మన ఇంట్లో చిన్న 6 ఆంప్ సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లే ఇస్తుంది. చిన్న సాకెట్‌లో పెట్టుకోండి అంటూ 4 హెచ్‌పీ అని అమ్ముతున్నారంటే లెక్క మీకే తెలిసిపోతుంది. నడకకే అయితే కంటిన్యువస్ ఒకటిన్నర దాకా ఉంటే నా ఉద్దేశంలో చాలు. పరిగెత్తాలంటే ఈ ధరలో కొనకండి, ఆ డబ్బుకి మంచి షూస్ వస్తాయి. బెల్టు కింద సిలికాన్ ఆయిల్ వేయాలని నాకెవరూ చెప్పలేదు, రెండు నెలలకి కీచుమంటే మాన్యువల్ తీశాను. వెనక ఆరడుగులు ఖాళీ వదలండి. నేను గోడకి ఆనించాను, తప్పు. పడితే మనిషి బెల్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుంటాడు. చిన్నపిల్లలుంటే వాడనప్పుడు ప్లగ్ తీసేయండి.

ఇంకొకటి, సేఫ్టీ కీ. ఎర్ర తాడుకి ఒక క్లిప్పు, చివర అయస్కాంతం. చొక్కాకి తగిలించుకుంటే మీరు వెనక్కి జరిగిన క్షణం కీ ఊడి బెల్టు ఆగుతుంది. పెట్టె విప్పినప్పుడు అదేంటో తెలీక నేను డ్రాయర్‌లో పడేశాను. క్యూబిట్ చక్రం గురించి చదివాక లేచి వెళ్లి వెతికి తీశాను. మర్నాడు నాన్నకి ఇచ్చి, స్పీడు బటన్ల దగ్గర్నుంచి నేను తప్పుకున్నాను. మొదటిరోజు నేను పెట్టింది 4.5. ఆయన పెట్టుకుంది 2.8.

మెషిన్ మొహం గోడ వైపు ఉండేది. దాన్ని బాల్కనీ వైపు తిప్పించారు, ఎదురింటి వాళ్ల కరివేపాకు చెట్టు కనపడుతుందట. ఒక్కోరోజు ఇరవై నిమిషాలు, ఒక్కోరోజు ఏడు. పండగ రోజుల్లో అమ్మ దాని మీద చీర ఆరేస్తుంది. ఇప్పుడు 3.4 దాకా వచ్చారు. నేను అడగలేదు, ఆయనే చెప్పారు, బనియన్‌కి క్లిప్పు పెట్టుకుంటూ.