కడప కర్నూలు సీమలలో సర్కారు లెక్క: కరణము దఫ్తరము మొదలు 'మన మిత్ర' వఱకు

ఆంధ్రదేశమున ప్రభుత్వసేవలు కంప్యూటరు చేతికి వచ్చిన వృత్తాంతమును వ్రాసినవారిలో పెక్కుమంది దానిని హైదరాబాదునుండి చూచియే చెప్పుచున్నారు. 1998లో రిజిస్ట్రేషన్ శాఖకు 'కార్డ్' పథకము వచ్చుట, 1999లో జంటనగరములలో 'ట్విన్స్' కేంద్రము నెలకొనుట, 2001లో అది 'ఈసేవ'గా విస్తరించుట, 2011 నవంబరులో చిత్తూరు జిల్లాయందు 'మీసేవ' ప్రారంభమగుట: ఇవి యా కథలోని మజిలీలు. వీనిలో అసత్యమేదియు లేదు. కాని యీ వృత్తాంతమంతయు కిటికీ ముందు నిలిచిన మనుష్యుడు ఎంతసేపు వేచియుండెనను ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నదే కాని, కిటికీ వెనుకనున్న లెక్కను ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఎవరు సరిచూచిరి అను ప్రశ్న జోలికి పోవుట లేదు. కరెంటు బిల్లు కట్టుటయే ప్రధానావసరమైన నగరవాసికి మొదటి ప్రశ్న చాలును. మెట్టచేనిలో వేరుసెనగ విత్తి వానను నమ్ముకొన్న పత్తికొండ రైతునకో పులివెందుల రైతునకో బ్యాంకు అప్పును, పంటనష్టపు పరిహారమును, బీమాయును అన్నియు ఆ రెండవ ప్రశ్నమీదనే ఆధారపడియున్నవి.

ఈ లెక్కల పూర్వచరిత్ర సుప్రసిద్ధము. 1800లో నిజాము కంపెనీకి దత్తము చేసిన సీమకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వఱకు నిచ్చటనుండి పొలములు కొలిపించి రైతువారీ పద్ధతిని పాదుకొల్పెను. కర్నూలు నవాబు ఏలుబడిలోని భాగము 1839లో గాని కంపెనీ వశము కాలేదు. బనగానపల్లె సంస్థానము 1948 వఱకు వేఱుగానుండి పిమ్మట కర్నూలు జిల్లాలో కలిసెను. అనగా నేటి కర్నూలు నంద్యాల జిల్లాల భూమి లెక్కలు మూడు ప్రభుత్వముల దఫ్తరములనుండి మూడు కాలములలో వచ్చి చేరినవి. రాష్ట్రమంతకును ఒకే నమూనాను గీచినవారు ఈ సంగతిని తగినంతగా గమనించిరని నాకు తోచదు.

ఆ దఫ్తరములన్నింటికిని పల్లెలో కాపరి కరణము. ఏటేట చేను చేనును తిరిగి, సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు, పంట అను వివరములను అడంగలులో నెక్కించి జమాబందీ నాటికి తాలూకాకు అప్పగించుట అతని పని. అతని కలము క్రింద నలిగిన కుటుంబములు రాయలసీమలో ప్రతి యూరను కలవు; ఒకని చేను మఱియొకని పేర వ్రాయుట అతనికి కష్టసాధ్యము కాదు. కావుననే 1984 జనవరిలో నందమూరి తారకరామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులను రద్దుచేయగా ప్రజలు హర్షించిరి, 1985లో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించెను. వంశపారంపర్యాధికారము పోవలసినదే, ఈ విషయమున నాకు సందేహము లేదు.

నా ఆక్షేపణమంతయు దాని తరువాతి కాలమును గూర్చి. కరణీకపు కాలమే మేలని నిట్టూర్చువారును, కరణము పోయి కంప్యూటరు వచ్చెనని ఒక్క వాక్యమున తేల్చువారును, ఇరువురును 1984కును 2011కును నడుమనున్న ఇరువది యేడేండ్లను చూడకయే దాటిపోవుచున్నారు. ఆ వ్యవధిలో లెక్కపుస్తకము గ్రామసహాయకుని చేతినుండి గ్రామ పరిపాలనాధికారి చేతికిని, 2002లో పంచాయతీ కార్యదర్శికిని, 2007లో వీఆర్వోకును మారెను. పాత గ్రామాధికారులు కొందఱు దఫ్తరమును పూర్తిగా అప్పగింపలేదని పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. ఆ మాటను పూర్ణముగా విశ్వసింపకున్నను, అప్పగింతకంటె ముఖ్యమైనది వేఱొకటి యున్నది: వచ్చిన ఉద్యోగి ఆ యూరివాడు కాడు, బదిలీ కాగానే పోవువాడు. తెల్లకాగితముపై జరిగిన క్రయములు, అన్నదమ్ములు నోటిమాటతో చేసికొన్న పంపకములు, సరిహద్దురాయిని జరుపుకొని ఏకాభిప్రాయముతో దున్నుకొన్న చేలు, ఇవి కరణమునకు తెలిసియుండెను. అతడు న్యాయముగా వ్రాసినను అన్యాయముగా వ్రాసినను ఊరిలో నలుగురెఱిగి వ్రాసెను. కొత్త ఉద్యోగికి వీనిని తెలిసికొను తీరికయు లేదు, అడంగలును చేనిగట్టున వ్రాయించు పైయధికారియు లేడు. పోయిన సంవత్సరపు అడంగలును ఈ సంవత్సరమునకు తిరుగవ్రాయుట ఆ కాలముననే పరిపాటియయ్యెనని నా నమ్మిక.

దీనికి తోడు మఱియొక సాక్ష్యము. నేడు మన రాష్ట్రమున కంప్యూటరు ఇచ్చు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రము) 1983 మొదలుకొని లభించును. పల్లె లెక్కకు కాపరి పోయిన కాలమునకే ఇంచుమించుగా యంత్రపు జ్ఞాపకము ఆరంభమగుచున్నది. ఆ జ్ఞాపకమున రిజిస్టరైన దస్తావేజు తప్ప అనుభవమునకు తావు లేదు. తప్పులన్నియు కంప్యూటరున నెక్కించు కుఱ్ఱవారి చేతివని కొందఱందురు. ఇంటిపేరు చెడుట, సెంట్లు ఎకరములగుట వంటివి వారివే కావచ్చును. కాని అవి తేలికగా దిద్దదగినవి. రెండు దశాబ్దములకు పైగా ఎవరును చేనికి పోయి వ్రాయని లెక్క తప్పగుట అట్టిది కాదు.

'చుక్కల భూముల' ఉదంతము ఈ మాటకు గట్టి నిదర్శనము. ఆంగ్లేయుల కాలమున రీసెటిల్‌మెంటు రిజిస్టరు వ్రాసినప్పుడు హక్కుదారు ఎవరో తేలని సర్వే నంబర్ల యెదుట పేరునకు బదులు చుక్కలు పెట్టిరి. ఆ చేలను తరతరములుగా రైతులు దున్నుకొనుచు, అమ్ముకొనుచు, పంచుకొనుచు వచ్చిరి. పాత రిజిస్టరును యంత్రముతో సరిపోల్చి ఆ నంబర్లను రిజిస్ట్రేషన్ చట్టపు 22-ఎ సెక్షను క్రింద నిషేధిత జాబితాలో చేర్చగా, నూఱేండ్లు ఎవరికిని అడ్డురాని చుక్క రాత్రికి రాత్రి కూతురి పెండ్లికి చేను అమ్ముకొనరాకుండ చేసెను. 2017లో దీనికై ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చెను. 2023లో రెండులక్షల ఎకరములకు పైగా భూమిని ఆ జాబితానుండి తొలగించిరి. నడుమ పోయిన యేండ్లకు రైతునకు పరిహారమిచ్చినవారు లేరు.

లెక్కను ఊరిలో, ఊరి యెదుట పుట్టించినచోట యంత్రమెంత చక్కగా పనిచేయునో మన సీమయే చూపినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకము ఆరంభమైనప్పుడు కూలీల పేర్లు, మస్టర్లు, చెల్లింపులు మొదటినుండి కంప్యూటరుననే నెక్కెను. సామాజిక తనిఖీలో వానిని గ్రామసభయందు బిగ్గరగా చదివి, 'ఈ పని చేసితివా, ఈ కూలి ముట్టెనా' యని అడిగిరి. అక్రమములు జరుగలేదని కాదు. జరిగినవి బయటపడుటకు తెరువుండెను. భూమి లెక్కలకు 'వెబ్‌ల్యాండ్' తెచ్చినప్పుడును, 2015లో 'మీభూమి'ని ప్రజల యెదుట పెట్టినప్పుడును ఇట్టి పఠనము జరిగియుండిన ఎంత మేలైయుండెడిదో!

మీసేవ మేలును నేను కాదనను. ఆదాయ ధ్రువపత్రమునకై తహశీల్దారు కచేరీ వరండాలో పడిగాపులు కాచుట తగ్గెను. గడువు నిర్ణయింపబడెను, రసీదు చేతికి వచ్చెను. 2019 అక్టోబరు 2న వెలసిన గ్రామ సచివాలయములు ఉద్యోగిని మఱల పల్లెకు తెచ్చినవి. 2025 జనవరి 30న 'మన మిత్ర' 161 సేవలను వాట్సాప్‌లోనికి తెచ్చెను. కాని కౌలురైతు మాట యేమి? 2019 చట్టము ప్రకారము సాగుహక్కు పత్రమునకు భూయజమాని సమ్మతి కావలెను. ఆ సమ్మతి దొరకని రైతునకు పంట నమోదు పట్టికయైన ఈ-క్రాప్‌లో తన పేరెక్కుట దుర్లభము, పేరెక్కనిదే పరిహారము రాదు. ఫోనులోనికి సేవ వచ్చినంత మాత్రమున ఈ చిక్కు వీడదు.

వ్యాపారుల సంగతియు ఇట్టిదే. పరిశ్రమల అనుమతులకు 2015లో ఏకగవాక్ష పద్ధతి వచ్చెను. సులభ వ్యాపార పట్టికలో మన రాష్ట్రము 2016లో తెలంగాణముతో సమానముగాను, ఆపై రెండు పర్యాయములు ఒంటరిగాను ప్రథమస్థానము పొందెను. ఓర్వకల్లుకో కొప్పర్తికో వచ్చు పెద్ద కంపెనీకి ప్రభుత్వమే భూమి నిచ్చును గనుక ఆ ఘనత దానికి నిజమే. సొంత చేనిలో నాపరాతి పాలిష్ ఫ్యాక్టరీ పెట్టదలచిన బేతంచెర్లవానికి మాత్రము బ్యాంకు మొదట అడుగునది భూమి హక్కులు తెలుపు 1-బి నమూనా, ఈసీ. 1-బిలో తాతపేరే యున్నచో ఏకగవాక్షము ముందఱకు పోవుటకే అతనికి దారి లేదు.

2020 డిసెంబరులో ఆరంభమైన సమగ్ర రీసర్వే ఈ మూలదోషమును గుర్తించిన మొదటి ప్రయత్నము. అందులకు దానిని మెచ్చుకొనవలసినదే. డ్రోనులు ఎగిరినవి, ఉపగ్రహ సంకేతములతో సెంటీమీటర్ల లెక్కన హద్దులు కట్టబడినవి. అయినను తొందర దానిని చెఱచెను. పలువురు రైతుల చేలను ఒకే ఉమ్మడి ఎల్.పి.ఎం. (భూఖండ పటము) నంబరు క్రింద చేర్చుటచే, పూర్వము విడివిడిగానుండిన సబ్‌డివిజన్లు కలిసిపోయి, ఒకడు అప్పు తెచ్చుకొనవలెనన్నను అమ్ముకొనవలెనన్నను తక్కినవారి ముఖము చూడవలసి వచ్చెను. రీసర్వే ఫలమును తిరుగులేనిదిగా చేయదలచిన భూ హక్కుల చట్టము 2023లో అమలునకు వచ్చి 2024లో రద్దయ్యెను. ఆ యేటి డిసెంబరున రెవెన్యూ సదస్సులు పెట్టి ఊరూర అర్జీలు పుచ్చుకొనిరి. అర్జీ పుచ్చుకొని మండల కచేరీలో కంప్యూటరు ముందు కూర్చుండి దిద్దినచో 1984 తరువాతి కథయే మఱల జరుగును. సర్వేయరు నోటీసిచ్చి చేనికి పోయి, ఇరుగుపొరుగు రైతుల యెదుట గొలుసు పఱచి, కౌలుదారు ఎవరో అడిగి వ్రాసికొని, ఆ వ్రాతను గ్రామసభలో చదివిన పిమ్మటనే యంత్రమున నెక్కింపవలెను. అందులకు ప్రతి మండలమునకు ఎందఱు సర్వేయర్లు కావలయునో ఆ లెక్కను, వాట్సాప్ సేవల సంఖ్యను ప్రకటించినంత ఉత్సాహముతో, ప్రభుత్వము ప్రకటింపవలసియున్నది.