శూన్యమనుకున్న చోట ఒక చుక్క

మీ అమ్మానాన్నలు చదువుకున్న సైన్సు పుస్తకం ఇంట్లో ఉంటే ఒకసారి తెరిచి చూడండి. సౌరకుటుంబం బొమ్మలో తొమ్మిది గ్రహాలు కనిపిస్తాయి. (మన పంచాంగంలోని నవగ్రహాలు వేరు. వాటిలో సూర్యచంద్రులూ, రాహుకేతువులూ ఉంటారు.) చిట్టచివరిది ప్లూటో. దానికి అవతల ఏముంది? బొమ్మలో అయితే కాగితం అంచు ఉంది. చాలాకాలం ఖగోళ శాస్త్రజ్ఞులకూ అంతకంటే ఎక్కువ తెలియదు.

ప్లూటోను 1930లో క్లైడ్ టాంబా కనుగొన్నాడు. ఆ పైన కూడా చిన్న చిన్న వస్తువులు ఉండవచ్చునని ఐర్లండ్‌కు చెందిన కెన్నెత్ ఎడ్జ్‌వర్త్ 1943లోనూ, 1949లోనూ రాశాడు. 1951లో జెరార్డ్ కైపర్ ఇంకో మాట చెప్పాడు. సౌరకుటుంబం పుట్టినప్పుడు అక్కడ అలాంటివి ఉండి ఉంటాయి గాని, ప్లూటో ఆకర్షణ వాటిని ఎప్పుడో చెదరగొట్టి ఉంటుందన్నాడు. ప్లూటో భూమంత బరువుంటుందని అప్పటి నమ్మకం. 1978లో దాని ఉపగ్రహం షారన్ కనబడ్డాక లెక్కవేస్తే, అది భూమి ద్రవ్యరాశిలో సుమారు 460వ వంతేనని తేలింది. అంత తేలికపాటి ప్లూటో ఎవరిని చెదరగొడుతుంది? తమాషా ఏమిటంటే, ఈనాడు ఆ ప్రాంతాన్ని 'కైపర్ మేఖల' అంటున్నాం. ఖాళీగా ఉంటుందన్న వాడి పేరే దానికి మిగిలింది!

1987లో డేవిడ్ జూయిట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన విద్యార్థిని జేన్ లూ కలిసి ఆ చోటును వెతకడం మొదలుపెట్టారు. జేన్ లూ వియత్నాంలో పుట్టింది. 1975లో శరణార్థిగా అమెరికా చేరింది. ఈ వెతుకులాటకు దూరదర్శిని సమయం అడిగితే దొరకడం కష్టమయింది. ఫలితం వస్తుందన్న భరోసా లేని పనికి రాత్రులు కేటాయించేదెవరు? వేరే పరిశోధనలకు దొరికిన సమయంలోనే వాళ్ళు దీన్నీ సాగించారు. ఏడాది, రెండేళ్ళు కాదు, అయిదేళ్ళు. ఒక పరిశోధక విద్యార్థినికి అది ఎంత పెద్ద సాహసమో మీరే ఊహించండి.

ఇంతకీ వేలాది నక్షత్రాల మధ్య దూరపు వస్తువును గుర్తుపట్టడమెలా? రైల్లో కూర్చున్నప్పుడు పట్టాల పక్క స్తంభాలు చరచరా వెనక్కి పోతాయి; దూరపు కొండ మాత్రం నెమ్మదిగా కదులుతుంది. భూమి మనకు రైలుబండి లాంటిది. సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కున చూస్తే, ఒక వస్తువు ఎంత మెల్లగా జరిగినట్టు కనిపిస్తే అంత దూరంలో ఉన్నట్టు. వాళ్ళు వెతుకుతున్న వస్తువు ఆకాశంలో చంద్రబింబమంత వెడల్పు జరగడానికి దాదాపు 25 రోజులు పడుతుంది. అందుకని ఒకే చోటును కొంత వ్యవధితో మళ్ళీ మళ్ళీ ఫోటో తీసి పోల్చాలి. మొదట ఫోటో ఫలకాలు వాడారు. తరువాత కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే సి.సి.డి. పలకలు వచ్చాయి. అవి పెద్దవయ్యేకొద్దీ పని వేగం పుంజుకుంది.

1992 ఆగస్టు 30. హవాయి దీవిలోని మౌనా కియా శిఖరం మీద 2.2 మీటర్ల దూరదర్శిని. ఒకే చోటును నాలుగుసార్లు తీయాలనుకున్నారు. మూడో చిత్రం తీస్తుండగా మొదటి రెండింటినీ పోల్చి చూశారు. ఒక మసక చుక్క జరిగింది, అతి మెల్లగా! మామూలు కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కంటే అది సుమారు 60 లక్షల రెట్లు మసక. దూరం, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి దాదాపు 41 రెట్లు.

దానికి 1992 క్యూబీ1 అనే తాత్కాలిక గుర్తు పడింది. క్యూ అంటే ఆగస్టు రెండో సగం. బీ1 అంటే ఆ రోజుల్లో నమోదైన 27వ వస్తువు. గూఢచారి నవలల్లోని 'స్మైలీ' పేరు పెట్టాలని వాళ్ళకు ముచ్చట. కాని ఆ పేరు అప్పటికే మరో గ్రహశకలానికి ఉంది. చివరికి 2018లో 'ఆల్బియన్' అని పేరు వచ్చింది. పేరు కోసం పాతికేళ్ళు ఆగిన వస్తువు!

ఇక్కడే అసలు చిక్కు మొదలయింది. 1993లో రెండోది దొరికింది, ఆపైన పదులు, వందలు. ప్లూటో ఒంటరి గ్రహం కాదు, ఒక పెద్ద గుంపులో ఒకటి అని అర్థమయింది. దాదాపు దాని అంతే ఉన్న ఎరిస్ 2005లో బయటపడింది. ఇక రెండే దారులు: గ్రహాల సంఖ్యను పెంచుకుంటూ పోవడం, లేదా గ్రహం అంటే ఏమిటో నిర్వచించడం. 2006 ఆగస్టు 24న ప్రేగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం రెండో దారి ఎంచుకుంది. ప్లూటో మరుగుజ్జు గ్రహమయింది. చాలామంది నొచ్చుకున్నారు. నా ఉద్దేశంలో ఆ రోజు జరిగింది నమోదు మాత్రమే. తీర్పు 1992లోనే మొదలయింది. జూయిట్‌కూ, లూకూ 2012లో షా బహుమతి, కావ్లీ బహుమతి రెండూ వచ్చాయి.

నెప్ట్యూన్ అవతల ఇప్పటికి మూడు వేలకు పైగా వస్తువులు తెలిశాయి. ఒకదానికి మన వరుణుడి పేరే పెట్టారు. ఆల్బియన్ సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి సుమారు 290 ఏళ్ళు పడుతుంది. కంటపడిన నాటి నుంచి అది తన దారిలో తొమ్మిదో వంతుకు కాస్త అటూఇటూగా మాత్రమే నడిచింది. జూయిట్, లూ దాన్ని చూసిన చోటికి మళ్ళీ 2280 ప్రాంతంలో వస్తుంది.