పట్టా ఉన్నవారికే పెట్టుబడి సాయం
కౌలు రైతుకు అంగీకార పత్రమే ఆధారం

జలుమూరు: వంశధార తీరాన ముఖలింగేశ్వరుని ఆలయంతో ప్రసిద్ధి చెందిన శ్రీముఖలింగం పరిసరాల్లో ఖరీఫ్ వరే ప్రధాన పంట. ఉభాల వేళ దుక్కులు, ఎరువులు, కూలీల ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ మదుపు కోసం అప్పు చేయాల్సిన అగత్యం తగ్గించడమే పెట్టుబడి సాయం ఉద్దేశం. అయితే సాయం నాగలి వెంట కాక, భూమి రికార్డు వెంట నడుస్తుండటమే చిక్కు.

పథకాలు ఇవీ..
కేంద్రం 2019 ఫిబ్రవరి 24న పీఎం కిసాన్ ప్రారంభించింది. ఏటా రూ.6 వేలను రూ.2 వేల చొప్పున మూడు విడతల్లో జమ చేస్తారు. తొలుత రెండు హెక్టార్ల లోపు వారికే పరిమితం చేసినా, అదే ఏడాది ఆ హద్దు తొలగించారు.

రాష్ట్రంలో 2019 ఎన్నికల ముందు అన్నదాత సుఖీభవ మొదలైంది. ఆ ఏడాది అక్టోబరు 15న దాని స్థానంలో వైఎస్సార్ రైతు భరోసా వచ్చింది. పీఎం కిసాన్‌తో కలిపి ఏటా రూ.13,500 చొప్పున ఐదేళ్లు అమలైంది. అన్నదాత సుఖీభవ 2025 ఆగస్టు 2న మళ్లీ ప్రారంభమైంది. ఏడాదికి మొత్తం రూ.20 వేలు కాగా, ఇందులో రాష్ట్ర వాటా రూ.14 వేలు. ఆ ఆగస్టులోనూ, నవంబరు 19నా రూ.7 వేల చొప్పున విడుదల చేశారు. మూడో విడత రూ.6 వేలుగా నిర్ణయించారు.

వీరికి వర్తించదు
ఆదాయపు పన్ను చెల్లించేవారు, నాలుగో తరగతి సిబ్బంది మినహా ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు రూ.10 వేలు, ఆపై పింఛను పొందేవారు పీఎం కిసాన్‌కు అనర్హులు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికీ సాయం అందదు. వారసత్వంగా సంక్రమించిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. తండ్రి మరణించినా పాసుపుస్తకం ఆయన పేరిటే ఉంచేస్తే, సాగు చేస్తున్న కుమారులకు సొమ్ము అందదు. మ్యుటేషన్ చేయించుకోవడం తప్పనిసరి.

కౌలు రైతుకు కష్టం
పీఎం కిసాన్‌లో కౌలు రైతుకు చోటు లేదు. రాష్ట్ర సాయం పొందాలంటే పంట సాగుదారు హక్కు పత్రం కావాలి. 2011 నాటి చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. 2019 చట్టంలో భూ యజమాని సంతకాన్ని తప్పనిసరి చేశారు. పత్రం గడువు 11 నెలలే కనుక ఏటా మళ్లీ సంతకం కోరాలి. సంతకం చేస్తే భూమిపై హక్కు పోతుందేమోనని యజమానులు వెనుకాడుతుంటారు. ఈ పత్రం సాగుకు సంబంధించినదే తప్ప యాజమాన్య హక్కు కల్పించదని చట్టమే స్పష్టం చేస్తోంది. నోటిమాట కౌలుపై ఆధారపడిన రైతుకు ఇది తెలియకపోతే సాయంతో పాటు పంట రుణమూ దూరమవుతుంది.

పంట నష్టపోతే..
పెట్టుబడి సాయం వేరు, ఇన్‌పుట్ సబ్సిడీ వేరు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ వంటి తుపానుల్లో 33 శాతం, ఆపైన పంట దెబ్బతింటేనే రెండోది వర్తిస్తుంది. దీనికి ఈ-క్రాప్ నమోదు కీలకం.

జమ కాకుంటే..
ఈ-కేవైసీ పూర్తికాకపోవడం, ఆధార్‌తో బ్యాంకు ఖాతా అనుసంధానం లేకపోవడం, భూమి రికార్డులో పేరు తేడా ఉండటం సాధారణ కారణాలు. రైతు సేవా కేంద్రంలో వివరాలు సరిచూసుకోవాలి. పీఎం కిసాన్ సందేహాలకు 155261 నంబరును సంప్రదించవచ్చు.