దేశభద్రత - పక్ష రాజకీయాల భాష: నెల్లూరు సీమ నేపథ్యంలో ఒక పరిశీలన (1942-1968)

ఉపోద్ఘాతం

దేశభద్రత ప్రస్తావనకు వచ్చినప్పుడు పార్టీల మధ్య విధానచర్చ అనతికాలంలోనే విధేయతాపరీక్షగా మారడం మన రాజకీయచరిత్రలో పలుమార్లు కనిపిస్తుంది. ఒక విధానం సరైనదా కాదా అన్న ప్రశ్న వెనుకబడి, దాన్ని ప్రశ్నించినవాడు ఎవరి పక్షం అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఈ పరిణామాన్ని నెల్లూరు సీమకు చెందిన ఇద్దరు నాయకుల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకరు బుచ్చిరెడ్డిపాళెంలో 1907లో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డి. మరొకరు తీరప్రాంత గ్రామమైన అలగానిపాడులో 1913లో జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్య. పెన్న నీటితో పండే ఒకే సీమ నుంచి వచ్చి, ఒకరు కాంగ్రెసులో, మరొకరు కమ్యూనిస్టు పార్టీలో అగ్రశ్రేణికి చేరారు.

1942: తీరానికి వచ్చిన యుద్ధం

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేయడంతో కోస్తా అంతటా యుద్ధభయం అలముకొంది. ఆ ఏడాది జులైలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగింది. ఆగస్టులో కాంగ్రెసు క్విట్ ఇండియా తీర్మానం చేసింది. ఫాసిస్టు శక్తులపై సాగుతున్నది ప్రజాయుద్ధమని భావించిన కమ్యూనిస్టులు ఆ ఉద్యమానికి దూరంగా నిలిచారు. జాతీయోద్యమానికి ద్రోహం చేశారని కాంగ్రెసువాదులు వారిని నిందించారు. కమ్యూనిస్టులు సుభాష్ చంద్రబోసును జపాను చేతి కీలుబొమ్మగా చిత్రించారు. అంటే ద్రోహారోపణ అనే ఆయుధం ఏ ఒక్క పక్షం సొత్తూ కాదు.

1955: ఎన్నికల వేదిక

1955 ఆంధ్రరాష్ట్ర మధ్యంతర ఎన్నికలలో ఈ వాగ్వాదం మరో రూపం దాల్చింది. కమ్యూనిస్టులు గెలిస్తే రాష్ట్రం విదేశీశక్తుల ప్రభావంలోకి పోతుందన్నది కాంగ్రెసు కూటమి ప్రచారంలో ప్రధానాంశం. అయితే అదే జనవరిలో సోవియట్ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగవిధానాన్ని మెచ్చుకొన్నది. ఆ మెప్పును కాంగ్రెసు తన ప్రచారానికి వాడుకొన్నది. మాస్కో పేరు ఒక పక్షానికి కళంకంగానూ, మరొక పక్షానికి యోగ్యతాపత్రంగానూ ఒకే ఎన్నికలో పనికివచ్చింది. 196 స్థానాలలో కాంగ్రెసు కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 దక్కాయి. గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య శాసనసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించారు. ప్రచారంలో ఎంత తీవ్రత ఉన్నప్పటికీ, ఫలితం తరువాత ఇరుపక్షాలు ఒకే సభలో ఎదురెదురుగా కూర్చొన్నాయి.

1962: మాట చట్టమైనప్పుడు

1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. 26న అత్యవసర పరిస్థితి ప్రకటితమైంది. అప్పుడు గోపాలరెడ్డి కేంద్ర సమాచార, ప్రసారశాఖ మంత్రి. నవంబరు 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి చైనా దురాక్రమణను ఖండిస్తూ, దేశరక్షణకు మద్దతు తెలుపుతూ తీర్మానించింది. ఆ తీర్మానంతో విభేదించినవారిలో సుందరయ్య ఒకరు. నవంబరు 3 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో, భారత రక్షణ చట్టాల కింద నిర్బంధితులైనవారు 21, 22 అధికరణాల హక్కుల కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు లేకపోయింది. పార్టీ తీర్మానం వెలువడిన తరువాత కూడా దేశవ్యాప్తంగా కమ్యూనిస్టులను విచారణ లేకుండా నిర్బంధించారు.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనార్హం. అదే నవంబరులో పార్లమెంటు సమావేశమై యుద్ధసన్నద్ధతపై తీవ్రంగా చర్చించింది. సొంత పార్టీ సభ్యుల ఒత్తిడితోనే రక్షణశాఖను నిర్వహించిన కృష్ణమీనన్ మంత్రివర్గం నుంచి వైదొలగారు. ఆ విమర్శ దేశరక్షణను బలహీనపరచలేదు సరికదా, లోపాలను బయటపెట్టింది. ఒకే మాసంలో ఒక రకమైన విమర్శ ప్రజాస్వామ్యమని, మరొక రకమైన భిన్నాభిప్రాయం ద్రోహమని పరిగణితమైంది.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిపోయింది. సుందరయ్య మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు. డిసెంబరులో ఆ పార్టీ నాయకులను చైనా అనుకూలురన్న ఆరోపణపై నిర్బంధించారు. ఒకప్పుడు కాంగ్రెసు వాడిన మాటను ఇప్పుడు విడిపోయిన పూర్వసహచరులు కూడా ప్రయోగించారు. 1965లో అవే నిబంధనల కింద బీహారులో రామమనోహర్ లోహియా నిర్బంధితులయ్యారు. చైనా విషయంలో నెహ్రూ మెతకదనాన్ని అందరికన్నా గట్టిగా ఎండగట్టిన సోషలిస్టు ఆయన. సుప్రీంకోర్టు ఆయనను విడుదల చేసింది. చైనా దాడి సందర్భంలో పుట్టిన అధికారం చివరకు చైనాకు కఠిన విమర్శకుని మీదే పనిచేసింది. పోరు 1962 నవంబరులోనే ఆగినా, అత్యవసర పరిస్థితి 1968 జనవరి వరకు తొలగలేదు.

ముగింపు

పై పరిణామాల నుంచి రెండు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ద్రోహి అనే మాటకు స్థిరమైన అర్థం లేదు. శత్రుదేశం మారినప్పుడల్లా, మిత్రపక్షం చీలినప్పుడల్లా దాని గురి మారింది. రెండవది, ఎన్నికల వేదికపై ఆ మాట వల్ల జరిగే నష్టానికి ఓటరు తీర్పే పరిమితి. అదే మాట నిర్బంధాధికారంతో జతపడినప్పుడు ఆ పరిమితి కూడా తొలగిపోతుంది. దేశానికి ముప్పు నిజంగా వచ్చిన 1962లోనూ ప్రయోజనకరంగా నిలిచింది సభలో జరిగిన కఠినమైన ప్రశ్నోత్తరాలే. విధానాన్ని ప్రశ్నించడాన్నీ, దేశాన్ని కాదనడాన్నీ వేరుచేసి చూడటం భద్రతకే అవసరమని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.