విశాఖ తీరమున ఇసుక: పుట్టుక, ప్రయాణము

విశాఖపట్నము వారికి సముద్రపు ఒడ్డు దూరము కాదు. సాయంకాలము బయలుదేరి రామకృష్ణా బీచికిగాని, లాసన్స్ బేకుగాని పోయి చీకటి పడునంతలో ఇల్లు చేరవచ్చును. ఒక పూట తీరిక ఉన్నవారు ఋషికొండ దాటి, ఎర్రమట్టి దిబ్బలు చూచి, భీమునిపట్నము వరకు పోవుదురు. ఈ పాతిక కిలోమీటర్ల తీరములో కొండకొనలు, వాటి నడుమ వంపులు, ఇసుకమేటలు, ఎర్రని లోయలు ఒకదానివెంట ఒకటి కనబడును. కొండలవలెనే ఇసుక కూడ ఎల్లప్పుడును అక్కడనే ఉండునని చూడవచ్చినవారు అనుకొందురు. ఆ ఇసుక ఎక్కడినుండియో వచ్చినది, మరెక్కడికో పోవుచున్నది.

దాని పుట్టుక తెలియవలెనన్న ముందు ఇక్కడి కొండరాతిని చూడవలెను. దీనిని ఖొండలైటు అందురు. 1902లో టి. ఎల్. వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కలహండి ప్రాంతపు రాళ్లను వర్ణించుచు, తూర్పు కనుమలలో నివసించు ఖోండుల పేరు మీదుగా ఈ పేరు పెట్టినాడు. క్వార్ట్జు, గార్నెట్టు, సిల్లిమనైటు, గ్రాఫైటు ఇందలి ముఖ్య ఖనిజములు. ఎండకు, వానకు ఈ రాయి చివికి రాలగా, వాగులు ఆ రేణువులను సముద్రమునకు చేర్చును. అక్కడ అలలు వాటిని జల్లెడ పట్టినట్లు వేరుచేయును. తేలికైన క్వార్ట్జు రేణువులు నీటితో కదలిపోగా, బరువైన గార్నెట్టు, ఇల్మనైటు, మాగ్నటైటు వెనుక నిలిచిపోవును. భీమిలి ఒడ్డున ఎర్రని, నల్లని చారలు ఏర్పడుట ఇందువలననే. ఆ నల్లని ఇసుకను గుప్పెడు తెచ్చి ఎండబెట్టి, అయస్కాంతమును కాగితములో చుట్టి దానిపై త్రిప్పినచో మాగ్నటైటు రేణువులు అంటుకొనును. పాఠశాలలో చేసి చూపుటకు ఇంతకంటె సులభమైన ప్రయోగము అరుదు.

ఇసుక నడుచునని ఈ నగరమువారు మొదట గట్టిగా తెలిసికొన్నది ఓడరేవు నిర్మాణమప్పుడు. డాల్ఫిన్స్ నోస్ కొండకును ఊరికిని నడుమ ఉన్న ఉప్పుటేరును త్రవ్వి లోతుచేసి రేవు కట్టినారు. 1933లో జలదుర్గ అను ఓడ అందులో ప్రవేశించినది. అయితే కాలువ త్రవ్వుట ఒక ఎత్తు, దానిని పూడిపోకుండ కాపాడుట మరొక ఎత్తు. సుమారు మార్చి మొదలు సెప్టెంబరు వరకు గాలి నైరృతి దిక్కునుండి వీచును. అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుటచే ఇసుక ఉత్తరమునకు సాగును. ఈశాన్య గాలుల కాలములో తిరిగి దక్షిణమునకు వచ్చును. కాని పోయినంత రాదు. ఏడాది లెక్క చూచినచో ఉత్తరమునకు పోవునదే ఎక్కువ. ఈ ఇసుక దారిలో రేవు కాలువ అడ్డుగా ఉన్నది.

ఇంజనీర్లు దీనికొక చిత్రమైన ఉపాయము చేసినారు. జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాత ఓడలను కాలువకు దక్షిణమున సముద్రములో ముంచి, వాటినే అలలను ఆపు గట్టుగా చేసినారు. ఆ చాటున నీరు నెమ్మదించును. నెమ్మదించిన నీరు ఇసుకను మోయజాలక దించివేయును. అక్కడ చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తోడివేయవచ్చును. ఇసుకను ఆపజాలకపోయినను, అది ఎక్కడ ఆగవలెనో నిర్ణయించగలిగినారు.

ఈ కదలికను శాస్త్రరీత్యా కొలుచుట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జరిగినది. అక్కడి భూగర్భశాస్త్రశాఖకు అధిపతి అయిన ఆచార్య సి. మహదేవన్ అంతకుముందు కలకత్తాలో సి. వి. రామన్ వద్ద పరిశోధన చేసినవారు. 1952లో అమెరికానుండి ఇ. సి. లాఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరు వచ్చి, విద్యార్థులకు సముద్రమును కొలుచు పద్ధతులు నేర్పినాడు. అతడును ఆర్. ప్రసాదరావును కలిసి వాల్తేరు ఒడ్డు కోతపడుట, తిరిగి మేటవేయుట గూర్చి వ్రాసిన వ్యాసము 1954లో వెలువడినది. రోజూ షికారుకు పోవువారు ఏండ్ల తరబడి చూచుచున్నదే ఇది; అయినను, కొలిచి అంకెలుగా వ్రాసినగాని అది శాస్త్రము కాలేదు.

అదే కాలమున తేలిన మరొక సంగతి ఇంకను ఆశ్చర్యకరము. విశాఖవద్ద సముద్రమట్టము ఏడాది పొడవునా ఒకేవిధముగా ఉండదు. మార్చి, ఏప్రిల్ నెలలలో తగ్గి, అక్టోబరు, నవంబరులలో పెరుగును. ఆటుపోట్ల తేడాను తీసివేసినను ఈ భేదము అరమీటరు దాటును. వేసవి ఆరంభమున గాలి పైనీటిని ఒడ్డునుండి దూరముగా నెట్టగా, అడుగునుండి చల్లని బరువైన నీరు పైకి వచ్చును. వర్షకాలము ముగియునాటికి నదుల మంచినీరు కలియుటచే నీరు తేలికపడును. తేలికపడిన నీరు మట్టము పెంచును. తుఫానులు కూడ ఆ నెలలలోనే వచ్చుట తీరమునకు శాపము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినది ఇట్టి కాలముననే.

1976లో వెలుపలి రేవు ప్రారంభమైనది. దాని రాతిగట్లు పెద్దవి. దక్షిణమునుండి వచ్చు ఇసుక అక్కడనే ఆగుచున్నది. రేవుకు వెనువెంటనే ఉత్తరమున ఉన్నది రామకృష్ణా బీచి. రావలసిన ఇసుక రాక, పోవలసినది పోవుచుండుటచే ఆ ఒడ్డు సన్నబడును. అందుచేత రేవులో త్రవ్వితీసిన ఇసుకను గొట్టములద్వారా తెచ్చి ఒడ్డున పోయుట అవసరమైనది. ఒకప్పుడు అలలు కూలి లేక చేసిన పని ఇది. కోతపడిన ఒడ్డుకు గోడ కట్టినంత మాత్రమున ఇసుక రాదు. గోడ వెనుక రోడ్డు నిలుచును, ముందున్న ఇసుక మరింత లోతునకు జారును.

ఇదే తీరమున, భీమిలికి ఇవతల, చాలాకాలము క్రిందట నడక ఆపిన ఇసుక ఉన్నది. అవే ఎర్రమట్టి దిబ్బలు. పేరు మట్టి అయినను అది చాలవరకు ఇసుకయే. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ 1886లో విశాఖ మండలపు భూగర్భమును వర్ణించినప్పుడే ఇవి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినవి. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, మంచుయుగము తీవ్రముగా ఉన్నప్పుడు, ప్రపంచమంతటను సముద్రమట్టము నేటికంటె 120 మీటర్లకు పైగా తగ్గిపోయినది. నేడు చేపల పడవలు తిరుగు చోటు అప్పుడు పొడినేల. అట్లు బయటపడిన ఇసుకను గాలి కొండపాదమునకు చేర్చినది. కొండవాగులును కొంత ఇసుక కలిపినవి. గార్నెట్టువంటి ఖనిజములలోని ఇనుము గాలితో, నీటితో కలిసి తుప్పుగా మారి, ప్రతి రేణువునకు ఎర్రని పూత వేసినది. తమిళనాడులోని తేరి నేలలు, సింహళములోని ఎర్ర ఇసుకలు వీనికి దాయాదులు.

తరువాత వానలు ఆ మేటను చీల్చి లోతైన లోయలుగా మలచినవి. ఇసుకను పట్టియుంచునది ఆ పలుచని పూత, కొద్దిపాటి బంకమన్ను, పైనున్న చెట్ల వేళ్లు మాత్రమే. అంచున నిలిచినవాని కాలిక్రింద అది పొడిగా రాలును. చుట్టుప్రక్కల నేలను చదునుచేసి వాననీటి దారి మార్చినచో లోయలు వేరొక విధముగా కోసుకుపోవును. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. కాని జాబితాలో చేరినంత మాత్రమున యంత్రములు ఆగవు. ఒకసారి చదునైన దిబ్బను తిరిగి పోయుటకు సముద్రము మరల 120 మీటర్లు దిగవలెను.

వర్షకాలములో ఆ లోయల అడుగున ఎర్రని వాగులు పారును. అవి తెచ్చిన ఇసుకలో కొంత భీమిలి ఒడ్డున అలలకు చిక్కి, పూత కడిగిపోయి, నల్లని చారల ప్రక్కన మరల మామూలు ఇసుకగా పరచుకొనును.